అమెరికా దక్షిణాది ఊళ్ళలో బళ్ళని కలిపింది కోర్టా, ఫుట్‌బాలా?

పర్లాకిమిడి డ్రిల్‌మేష్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయీ అల్లుడూ జార్జియా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నారు. అల్లుడికి అక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం. మనవడు ఈ ఏడు తొమ్మిదో తరగతికొచ్చి బడి ఫుట్‌బాల్ టీములో చేరాడు. మన ఫుట్‌బాల్ కాదు లెండి, కోలబంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది, ఒకర్నొకరు గుద్దుకుని పడేసేది. వాడు చేరిన దగ్గర్నుంచి మా అమ్మాయికి నిద్ర కరువైంది, నాకు కాలక్షేపం దొరికింది.

ఆట రూల్సు నేను నేర్చేసుకున్నాను. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్ళలేకపోతే బంతి అవతలి వాళ్ళది. అంతే, మిగతాదంతా పోలీసు కవాతు. నా సందేహం దాని గురించి కాదు.

ఆ ఊరు మన కాశీనగరం కన్నా పెద్దదేం కాదు. అలాంటి ఊళ్ళో రెండు హైస్కూళ్ళున్నాయి. ఒకటి ప్రభుత్వానిది, మావాడు చదివేది అందులోనే, అక్కడ నల్లజాతి పిల్లలు ఎక్కువ. రెండోది ప్రైవేటుది, ఫీజులు గట్టిగానే ఉంటాయట, దాదాపు అంతా తెల్లపిల్లలే. రెంటికీ వేర్వేరు ఫుట్‌బాల్ గ్రౌండ్లు, వేర్వేరు ఫ్లడ్‌లైట్లు, వేర్వేరు గ్యాలరీలు. మన దగ్గర జిల్లా కేంద్రంలో స్టేడియానికే లైట్లు వేయించడానికి తలప్రాణం తోకకొస్తుంది కదా, అక్కడ ఊరికి రెండు! ప్రైవేటు బడి గేటు మీద 'స్థాపితం 1970' అని చెక్కి ఉందట. ఆ ఏడాది ఏమిటి విశేషమని మా అమ్మాయి పక్కింటావిణ్ణి అడిగితే, ఆవిడ నవ్వేసి కూరగాయల మొక్కల మీదకి మాట మళ్ళించిందట.

ఇక మావాడి కోచ్‌ ఏమో, ఒకప్పుడు ఈ ఊళ్ళో తెల్లవాళ్ళకో బడి, నల్లవాళ్ళకో బడి ఉండేవనీ, రెంటినీ కలిపినప్పుడు గొడవలవుతాయని అందరూ భయపడితే ఫుట్‌బాలే ఊరిని ఒకటి చేసిందనీ చెప్పాడట.

ఆ మాట నమ్మాలని నాకు ఎంతో ఉంది. ఎందుకంటే నా సర్వీసంతా చేసింది అదే పని. మా బళ్ళో తెలుగు సెక్షన్ వేరు, ఒడియా సెక్షన్ వేరు, పొద్దున్న ప్రార్థనకి కూడా రెండు వరసలు. వాలీబాల్‌కి మాత్రం ఒకటే టీము. బంతి లేపేవాడు ఒడియా కుర్రాడు, కొట్టేవాడు కొండ మీద నుంచి వచ్చిన సవర కుర్రాడు, గీత బయట నిలబడి అందర్నీ సమానంగా తిట్టేది తెలుగు మేష్టారు. బ్లాకు పోటీల్లో గెలిచి లారీ ఎక్కి వచ్చేటప్పుడు వాళ్ళు అరిచే అరుపులో ఏ భాషో తెలిసేది కాదు.

కానీ ఒక్క చోట లెక్క కుదరడం లేదు. ఫుట్‌బాలే అందర్నీ కలిపేస్తే, అదే సమయంలో ఆ రెండో బడి ఎందుకు పుట్టింది? తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?

బరంపురం బాబు

మేష్టారూ, ముమ్మాటికీ ఆటే కలిపింది. 1970 సెప్టెంబరు 12న అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్‌లో ఒక మ్యాచి జరిగింది. అలబామా యూనివర్సిటీ టీములో అందరూ తెల్లవాళ్ళే. కాలిఫోర్నియా నుంచి వచ్చిన టీములో శామ్ కన్నింగ్‌హామ్ అనే నల్లజాతి కుర్రాడు ఒక్కడే 135 గజాలు పరిగెత్తి రెండు టచ్‌డౌన్లు (బంతిని అవతలి వాళ్ళ చివరి గీత దాటించడం) కొట్టాడు. అలబామా 42-21తో చిత్తు. ఆ దెబ్బకి కళ్ళు తెరుచుకుని నల్లజాతి ఆటగాళ్ళని తీసుకోవడం మొదలెట్టారు. గెలుపు కావాలంటే రంగు చూడకూడదని అర్థమైంది. సింపుల్.

గుణుపురం లెక్కల టీచరు

మేష్టారూ, నమస్కారం. మాది గుణుపురం. ఇప్పుడు మిసిసిపీలో ఒక చిన్న ఊళ్ళో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఇక్కడ లెక్కలకీ సైన్సుకీ టీచర్లు దొరక్క మనలాంటివాళ్ళని జె-1 అనే తాత్కాలిక వీసా మీద తెచ్చుకుంటారు. శుక్రవారం రాత్రి మ్యాచికి టీచర్లం వంతులేసుకుని గేటు దగ్గర డ్యూటీ చెయ్యాలి. మా ఊళ్ళో అప్పటి సంగతులన్నీ నాకు తెలిసింది ఆ గేటు దగ్గరే. ఆట మొదలవడానికి గంట ముందే మడతకుర్చీలు పట్టుకుని వచ్చేస్తారు పెద్దవాళ్ళు. పలకరిస్తే చాలు. మిగతాది లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు బాబుగారికి. మీరు చెప్పిన అంకెలన్నీ నిజమే. కానీ విల్బర్ జాక్సన్ అనే నల్లజాతి కుర్రాడికి ఆ మ్యాచి కంటే ముందే అలబామా స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకుంది. మొదటి ఏడాది విద్యార్థులు అప్పట్లో పెద్ద టీములో ఆడకూడదు కాబట్టి ఆ రోజు అతను బరిలోకి దిగలేదు. ఓడిపోయి బుద్ధి తెచ్చుకున్నారన్నది చెప్పుకోవడానికి బాగుంటుంది, అందుకే అందరూ చెప్పుకుంటారు. పైగా అది కాలేజీ ఆట. మేష్టారు అడిగింది ఊరి బడి గురించి.

ఊరి బడిని కలిపింది కోర్టే. అదీ ఒక్క దెబ్బకి కాదు. తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరు బళ్ళు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1954 మే 17న తీర్పిచ్చింది. మరుసటేడు, ఇదెలా అమలు చెయ్యాలని అడిగితే, తాత్సారం చెయ్యకండి అన్నట్టుగా చెప్పింది గానీ ఫలానా తేదీలోగా అనలేదు. తేదీ లేని ఆర్డరుని మన ఆఫీసుల్లో ఏం చేస్తారో మీకు తెలుసు. ఇక్కడా అదే చేశారు.

1957లో ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు సెంట్రల్ హైస్కూల్లో అడుగు పెట్టడానికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మిలిటరీని పంపాల్సి వచ్చింది. ఆ పైయేడు, పిల్లల్ని కలపడం కన్నా మూసెయ్యడం నయమని ఆ రాష్ట్ర గవర్నరు ఊళ్ళో ప్రభుత్వ హైస్కూళ్ళన్నీ మూయించేశాడు. ఆ ఏడంతా ఆ బళ్ళలో చదువు లేదు. టీచర్లు ఒప్పందం ప్రకారం రోజూ వచ్చి ఖాళీ బెంచీల ముందు కూర్చున్నారు. కానీ సెంట్రల్ హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచిలు మాత్రం ఆగలేదు! బడి లేదు, బడి పేరు మీద ఆట ఉంది. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ అనే కౌంటీ (మన జిల్లాలాంటిది) అయితే 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బళ్ళన్నిటికీ తాళాలేసుకు కూర్చుంది. కాబట్టి మేష్టారూ, ఈ ప్రాంతంలో ఫుట్‌బాల్‌కి ఉన్న బలం మీద నాకు అనుమానం లేదు. ఆ బలం పదిహేనేళ్ళ పాటు ఎవర్నీ కలపలేదన్నదే నేను చెప్పేది.

తర్వాత వచ్చిన ఎత్తు 'ఇష్టమొచ్చిన బడి ఎంచుకోండి' అన్నది. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! వర్జీనియాలోనే న్యూ కెంట్ అనే చోట ఇలా మూడేళ్ళు నడిపారు. నల్లపిల్లల్లో కొందరు ధైర్యం చేసి తెల్లబడికి వెళ్ళారు. నల్లబడిని ఎంచుకున్న తెల్లపిల్లవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. నూటికి 85 మంది నల్లపిల్లలు పాత బళ్ళోనే ఉండిపోయారు. 1968లో సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. పిల్లల్ని కలిపితే చాలదు, టీచర్లు, సిబ్బంది, బస్సులు, భవనాలు, క్లాసు బయటి కార్యక్రమాలు అన్నిటినీ చూస్తామంది. ఆటలు ఆ చివరి దాంట్లోకే వస్తాయి.

చివరాఖరికి 1969 అక్టోబరు 29న మిసిసిపీ కేసులో, ఇక గడువుల్లేవు, వెంటనే కలపండి అని తీర్పొచ్చింది. దాంతో ఈ రాష్ట్రంలో ఎన్నో బళ్ళు క్రిస్మస్ సెలవులకి వేరువేరుగా మూసి, 1970 జనవరిలో కలిపి తెరిచారు. చదువు సంవత్సరం మధ్యలో! సగం పాఠం ఒక బళ్ళో, సగం ఇంకో బళ్ళో. ఇతర రాష్ట్రాల్లో చాలా జిల్లాలు ఆ వేసవి సెలవుల తర్వాత కలిశాయి.

మీ గేటు మీది 1970 ఇప్పుడు అర్థమైంది కదా. దక్షిణాదిలో ఆ నాలుగైదేళ్ళలో పుట్టిన ప్రైవేటు బళ్ళన్నీ ఇందుకే పుట్టాయని నేను అనను, కానీ చాలావాటి పుట్టుక ఇదే. చర్చిల వెనక గదుల్లో, ఖాళీ గోడౌన్లలో రాత్రికి రాత్రి మొదలయ్యాయి. మొదలెట్టిన వెంటనే కూడబెట్టింది దేనికనుకున్నారు? ఫుట్‌బాల్ డ్రెస్సులకి, హెల్మెట్లకి. టీము లేకపోతే అది బడే కాదని ఊరి లెక్క. రంగు చూసి పిల్లల్ని వద్దనడం ప్రైవేటు బళ్ళకీ కుదరదని 1976లో కోర్టు చెప్పింది. ఇప్పుడు వద్దని ఎవరూ అనక్కర్లేదు, ఆ పని ఫీజు చూసుకుంటుంది.

ఇక ఫుట్‌బాల్ ఏం చేసిందో చెప్తాను, ఎందుకంటే ఏమీ చెయ్యలేదనడం కూడా అన్యాయమే.

మిసిసిపీలోనే కొలంబియా అని చిన్న ఊరు. అక్కడ నల్లపిల్లల బడి పేరు జెఫర్సన్. అందులో వాల్టర్ పేటన్ అని ఒక కుర్రాడు, బ్యాండులో డ్రమ్ము వాయించుకుంటూ ఉండేవాడు. అన్న ఎడ్డీ ఫుట్‌బాల్‌లో పేరున్నవాడు, అన్నతో పోటీ ఎందుకని తమ్ముడు ఆ వైపు వెళ్ళలేదు. అన్న చదువైపోయాక కోచ్ చార్లెస్ బోస్టన్ వచ్చి నువ్వు ఆడరా అన్నాడు. బ్యాండు మానను, రెండూ చేస్తానంటే ఆడతానన్నాడు వీడు. కోచ్ సరేనన్నాడు. బంతి చేతికిచ్చిన మొదటిసారే 65 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. తర్వాతి సంవత్సరానికల్లా కోర్టు ఆర్డరు. జెఫర్సన్ పిల్లలు కొలంబియా హైస్కూల్లో కలిశారు. నల్లబళ్ళో హెడ్ కోచ్‌గా ఉన్న బోస్టన్, తెల్లబడి కోచ్ కింద అసిస్టెంటయ్యాడు. పేటనూ ఇంకొందరు ఆటగాళ్ళూ దీనికి అలిగి వసంతకాలం ప్రాక్టీసు కొంతకాలం మానేశారు. తర్వాత సీజనుకి దిగారు. ఎవరూ పెద్దగా ఆశ పెట్టుకోని ఆ టీము 8 గెలిచి 2 ఓడింది. వాడు బంతి పట్టుకుని పరిగెడుతుంటే గ్యాలరీలో ఇటు సగం అటు సగం కూర్చున్న జనం ఒకేసారి లేచేవారట. ఊళ్ళో ఉద్రిక్తత తగ్గడానికి ఆ సీజను సాయపడిందని అందరూ ఒప్పుకునే మాటే. అతను తర్వాత జాక్సన్ స్టేట్ అనే నల్లజాతి కాలేజీకి వెళ్ళి, 1975లో షికాగో బేర్స్ అనే ప్రొఫెషనల్ టీములో చేరి, రిటైరయ్యేనాటికి 16,726 గజాలు పరిగెత్తాడు. అప్పటికి ఆ ప్రొఫెషనల్ లీగులో అదే రికార్డు.

చూశారా, గ్యాలరీ కలిసింది. పోయింది ఎవరిది? కలపడం అంటే రెండు బళ్ళు కలిసి కొత్త బడి కావడం కాదు చాలా ఊళ్ళలో. నల్లబడి మూతబడి, పిల్లలు తెల్లబళ్ళోకి నడిచి వెళ్ళడం. పేరు తెల్లబడిది, రంగులు తెల్లబడివి, పాట తెల్లబడిది, ప్రిన్సిపాల్ తెల్లవాడు. నల్లబడి భవనం బాగుంటే దాన్ని చిన్న తరగతులకి ఇచ్చేవారు, లేకపోతే సామాన్ల కొట్టు. మా ఊళ్ళో నల్లబడి గెలిచిన ఎనిమిది మ్యాచిల షీల్డులు ఏమయ్యాయో తెలీదని గేటు దగ్గర ఒకాయన చెప్పాడు. "పారేశారు" అన్నాడాయన. పక్కనున్నావిడ "ఎవరో ఇంటికి పట్టుకెళ్ళుంటారు" అంది. ఇద్దరూ వాదించుకోవడం మొదలెట్టారు, ఇంతలో నేను వేరేవాళ్ళ టికెట్లు చూడాల్సొచ్చింది.

ఆ బళ్ళు ఏమంత సాదా బళ్ళు కావు. టెక్సాస్‌లో నల్లబళ్ళకి 1970 దాకా వేరే లీగు ఉండేది. స్టేడియం ఊరికి ఒకటే, శుక్రవారం రాత్రి తెల్లబడిది, అంచేత వీళ్ళు బుధ, గురువారాల్లో ఆడేవారు. అందులోంచి జాతీయస్థాయిలో పెద్దపెద్దవాళ్ళు వచ్చారు. లీగు పోయాక దాని రికార్డులు కూడా చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. మీ అమ్మాయి ఉన్న జార్జియాలోనే విల్‌కాక్స్ కౌంటీ ఉంది. అక్కడ పిల్లలు ఒకే బళ్ళో చదివి, ఒకే టీములో ఆడి, చదువైపోయే ముందు చేసుకునే విందూ డ్యాన్సూ మాత్రం తెల్లవాళ్ళు వేరు, నల్లవాళ్ళు వేరుగా చేసుకునేవారు. అందరికీ కలిపి ఒకటి పెట్టింది 2013లో. పెట్టింది బడి కాదు, పిల్లలే చందాలేసుకుని పెట్టుకున్నారు. ఇక్కడ మిసిసిపీ క్లీవ్‌లాండ్‌లో రైలు పట్టాలకి అటొక హైస్కూలూ ఇటొక హైస్కూలూ 2017 దాకా నడిచాయి. 1965లో వేసిన కేసుకి 2016లో తీర్పు! కాకపోతే అక్కడ ఒక మంచిపని జరిగింది. రెండు పాత పేర్లూ తీసేసి కొత్త పేరు పెట్టారు, టీముకీ కొత్త పేరే.

పర్లాకిమిడి డ్రిల్‌మేష్టారు

అమ్మా, నువ్వు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. పేటన్ సంగతికి ఇద్దరం ముచ్చటపడ్డాం, కానీ నాకు ఆ బోస్టన్ మేష్టారు దగ్గరే ఆగిపోయింది. జీతం తగ్గకపోయినా డ్రిల్ మేష్టారికి స్పోర్ట్స్ రూము తాళంచెవి పోతే అన్నీ పోయినట్టే. కొత్త హెడ్ మేష్టారు వచ్చి "తాళంచెవి ఆఫీసులో పెట్టండి, కావలసినప్పుడు అడిగి తీసుకోండి" అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. బంతిలో గాలి తగ్గిందని ప్యూన్ని బతిమాలుకోవాలి. ఇందాక 1968 తీర్పులో టీచర్లు, ఆటలు కూడా ఉన్నాయన్నావు కదా. మరి కోచ్‌ని కిందకి దింపితే కోర్టు ఊరుకుందా?

రాయగడ రైల్వే

టీచరుగారూ, బాగా రాశారు. చదువుతుంటే మా బడే గుర్తొచ్చింది. మాకు దగ్గర్లో ఒక తెలుగు మీడియం బళ్ళో పిల్లలు తగ్గిపోయారని పక్క ఒడియా బళ్ళో కలిపేశారు. బోర్డు తీసేశారు. మేం గెలిచిన కబడ్డీ షీల్డులున్న బీరువా మెట్ల కింద పెట్టారు, అద్దం కూడా పగిలింది. అడిగితే జాగా లేదంటారు. అక్కడ నల్లవాళ్ళకి జరిగింది, ఇక్కడ మనకి జరిగింది ఒకటే కదా?

కాశీనగరం కుర్రోడు

ఒకటి కాదు సార్. తెలుగు పిల్లాడు ఒడియా బళ్ళోకి వెళ్ళకూడదని ఎవరూ చట్టం చెయ్యలేదు. వెళ్తే మిలిటరీ కావలసి రాలేదు. మనవాళ్ళే ఇంగ్లీషు మీడియానికి పంపి తెలుగు బడి ఖాళీ చేశారు, మా ఇంట్లో కూడా.

పోలిక కావాలంటే ఊరి చివరికి రండి. మాది దళితుల పేట. వాలీబాల్ బాగా ఆడేవాణ్ణి, మా డ్రిల్ మేష్టారు (మీరు కాదు, వేరే ఊరు) నన్నే కెప్టెన్ చేశారు. బయటి ఊళ్ళో ఆడితే ఆ ఊరి వాళ్ళు అందరికీ చెంబుతో నీళ్ళిచ్చి, పేటవాళ్ళం ఇద్దరికి మాత్రం దోసిట్లో పోసేవారు. మా టీములో వాళ్ళు పక్కనే నిలబడి తాగేవారు. ఐదు నిమిషాల క్రితం అందరం కావలించుకుని ఎగిరినవాళ్ళమే. ఎవరూ ఏమీ అనలేదు, వాళ్ళకి అది కనబడిందో లేదో కూడా తెలీదు. విల్‌కాక్స్ డ్యాన్సు సంగతి చదవగానే నాకు ఆ దోసిలే తోచింది.

బరంపురం బాబు

తమ్ముడూ, నువ్వన్నది నిజం. నేను పైన రాసిన 'సింపుల్' అన్న మాట మీద ఇంత జరుగుతుందనుకోలేదు. అయినా ఒకటంటాను. గెలవాలన్న ఆశే లేకపోతే నిన్ను కెప్టెన్ చేసేవారే కాదు. అదైనా ఆట వల్లే కదా.

కాశీనగరం కుర్రోడు

కెప్టెన్ చేసింది మేష్టారు అన్నా, ఆట కాదు. ఆయన తర్వాత వచ్చినాయనకీ గెలవాలనే ఉండేది.

గుణుపురం లెక్కల టీచరు

రైల్వే వారికి నేను చెప్పాలనుకున్నది తమ్ముడు నాకన్నా బాగా చెప్పేశాడు. ఆ బీరువాకి అద్దం మాత్రం వేయించండి, చందా నేనూ ఇస్తాను.

మేష్టారూ, మీ ప్రశ్నకి. కోర్టు ఊరుకోలేదు, కాగితం మీద. మిసిసిపీ రాజధాని జాక్సన్ బళ్ళ మీద సింగిల్‌టన్ కేసు అని ఒకటి నడిచింది. బళ్ళు కలిపేటప్పుడు ప్రిన్సిపాళ్ళనీ టీచర్లనీ సిబ్బందినీ తీసెయ్యాలన్నా తగ్గించాలన్నా అందరికీ ఒకే కొలత పెట్టి చూడాలి, రంగు చూడకూడదని 1969 ఆఖర్లో దక్షిణాది అప్పీలు కోర్టు అంది. జీతం తగ్గినా తగ్గింపే, జీతం అదే ఉండి బాధ్యత తగ్గినా తగ్గింపేనని స్పష్టంగా రాసింది. అంటే మీ తాళంచెవి లెక్క కోర్టుకీ తెలుసు. పదవి తగ్గినవాళ్ళు కొందరు ఈ తీర్పు పట్టుకుని కేసులేసి గెలిచారు కూడా. కానీ కేసు వెయ్యాలి, లాయరు కావాలి, ఆ ఊళ్ళోనే బతకాలి, పిల్లలు ఆ బళ్ళోనే చదవాలి. ఎక్కువమంది అసిస్టెంటు కుర్చీలో కూర్చున్నారు, లేదా డ్రైవింగ్ నేర్పే క్లాసులిచ్చారు, లేదా ఉత్తరాదికి వెళ్ళిపోయారు. 1954 తర్వాతి పదకొండేళ్ళలోనే దక్షిణాది రాష్ట్రాలూ, దానికీ ఉత్తరాదికీ మధ్యనున్న సరిహద్దు రాష్ట్రాలూ 17 కలిపి సుమారు 38 వేల మంది నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్ళ ఉద్యోగాలు పోయాయని చరిత్ర రాసినవాళ్ళు లెక్క చెబుతారు. 1970 ఊపు అందులో ఇంకా కలవలేదు.

ఇక్కడ కోచ్ అంటే ఆట నేర్పేవాడు మాత్రమే కాదన్నది కూడా మీకు చెప్పాలి. ఊళ్ళో అందరికీ తెలిసిన మొహం, ప్రిన్సిపాల్‌కి తర్వాతి మెట్టు. చాలామంది ప్రిన్సిపాళ్ళు కోచ్‌లుగా మొదలెట్టినవాళ్ళే. ఆ మెట్టు తీసేస్తే పైకెక్కే దారి ఒక తరం పాటు మూసుకుపోయింది. మైదానంలో కూడా అంతే. నల్లపిల్లలు పరిగెత్తడానికి పనికొచ్చారు గానీ క్వార్టర్‌బ్యాకుగా, అంటే బంతి ఎవరికివ్వాలో నిర్ణయించే చోట, చాలా ఏళ్ళు నిలబడనివ్వలేదు. కాలేజీకెళ్ళాక ఆ స్థానం మార్పించేసేవారు. ఇప్పుడు ఆ తేడా బాగా తగ్గింది, మా టీము క్వార్టర్‌బ్యాక్ నల్లజాతి కుర్రాడే, నా ఆల్జీబ్రా క్లాసులో నిద్రపోతాడు.

మీ మనవణ్ణి ఒక పని చెయ్యమనండి. 1970కి ముందు ఆ ఊళ్ళో నల్లపిల్లల హైస్కూలు పేరేమిటి, టీము రంగులేమిటి, కోచ్ ఎవరు, ఆ భవనం ఇప్పుడు ఏమైంది. కోచ్‌ని అడగమనండి, తెలియకపోతే కిచెన్లో పనిచేసే పెద్దవాళ్ళని అడగమనండి. కొత్తవాళ్ళు, అందులోనూ మనలాంటి వాళ్ళు అడిగితే ఇక్కడ చెప్తారు. తెల్లవాళ్ళం కాదు, నల్లవాళ్ళం కాదు, ఏ పక్షమో వాళ్ళకి తెలీదు. ఆ ఒక్క వెసులుబాటు మనకుంది.

పర్లాకిమిడి డ్రిల్‌మేష్టారు

అడిగించాను తల్లీ. కోచ్‌కి పేరు తెలీదట, ఆయనది వేరే ఊరు. నువ్వన్నట్టే కిచెన్లో వడ్డించే ఒక పెద్దావిడకి అంతా తెలుసు. పేరు చెప్పింది, మెరూన్, బంగారు రంగులంది, భవనం ఇప్పుడు బడి బస్సుల షెడ్డంట. ఆవిడ మరిది ఆ బళ్ళో చివరి టీములో ఆడాడట. కలిపాక కొత్త బళ్ళో ఒక వారం ప్రాక్టీసుకెళ్ళి మానేసి రంపపు మిల్లులో చేరిపోయాడట. ఇప్పటికీ శుక్రవారం మ్యాచికి వస్తాడు గానీ లోపలికి రాడు, కంచె బయట ట్రక్కు ఆపుకుని చూస్తాడట. ఈ ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి రమ్మన్నారు, టీము ఫొటో ఉందట, చూపిస్తారట. అల్లుడికి ఆ రోజు డ్యూటీ. మా అమ్మాయి ఒక్కతీ వెళ్ళనా వద్దా అంటోంది. వెళ్ళమన్నాను. ఏం పట్టుకెళ్ళాలని అడుగుతోంది, అక్కడివాళ్ళు ఏం తింటారో నువ్వే చెప్పాలి.

గుణుపురం లెక్కల టీచరు

అరిసెలు చెయ్యమనండి. బెల్లం దొరక్కపోతే కజ్జికాయలు. కారం ఏదీ వద్దు. ఫొటోలో ఉన్నవాళ్ళ పేర్లు వెనకాల రాసి ఉన్నాయో లేదో చూడమనండి, లేకపోతే ఆయన చెబుతుండగానే మీ మనవణ్ణి రాసుకోమనండి.